భోగాపురం ఆరెక్స్ 100, దాని ఆర్సీ బుక్కు

కిందటేడు నేనొక పాత బండి కొన్నాను. యమహా ఆరెక్స్ 100, 1993 మోడలు. ఈ మాట ఆఫీసులో చెబితే జనం రెండు జట్లుగా విడిపోయారు. "ముప్ఫయ్యేళ్ళు దాటిన ఇనపముక్కకి డబ్బులు పోస్తారా ఎవరన్నా?" అన్నది ఒక జట్టు. "ఎంతకి పడింది గురూ, నాకూ ఒకటి చూడు" అన్నది రెండోది. ఈ రెండో జట్టు పెరగబట్టే కదా, ఒకప్పుడు పాత ఇనప సామాన్ల వాడికి కిలోల్లెక్కన వేసిన బండి ఇవాళ లక్ష దాటి పలుకుతోంది!

నా లెక్క ముందే చెప్పేస్తాను. బండికి నలభై రెండు వేలు, బాగుచేయించడానికి యాభై ఎనిమిది వేలు. వెరసి లక్ష. ఆ డబ్బుకి షోరూములోంచి కొత్త హండ్రెడ్ సీసీ బండి వచ్చేది, పైగా మైలేజీ రెట్టింపు. కాబట్టి ఇది తెలివైన బేరమని నేనేమీ వాదించబోవట్లేదు. అయితే ఆ బండిని విప్పదీసినప్పుడు దాంట్లోంచి చాలా చరిత్ర బయటపడింది. అది చెబుదామనే ఇదంతా.

మాది విజయనగరం. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా బావ చెప్పాడు, భోగాపురం దగ్గర ఒకావిడ ఇంటి వెనక ఆరెక్స్ ఉందనీ, అమ్మేస్తారనీ. వెళ్ళి చూశాం. కొత్తగా కట్టిన కాలనీ, వరసగా ఇళ్ళు. భోగాపురం విమానాశ్రయం కోసం ఖాళీ చేయించిన ఊళ్ళ వాళ్ళకి పోలిపల్లి, గూడెపువలసల దగ్గర కట్టిన పునరావాస కాలనీల్లో ఒకటది. ఇంటి వెనక రేకుల కింద, కొబ్బరి మట్టల మధ్య నిలబెట్టి ఉంది బండి. తాళం చెవి లేదు. సీటు ఎలకలు కొట్టేశాయి. సైలెన్సర్ని వేలితో నొక్కితే లోపలికి పోయింది.

"ఆయనున్నప్పుడు ఎవుల్నీ ముట్టుకోనిచ్చీవోడు కాదు బాబూ" అందావిడ. ఆయన పోయింది 2016లో. ఊరు ఖాళీ చేసేటప్పుడు మంచాలూ బీరువాలతో పాటు దీన్నీ ట్రాక్టరెక్కించి తెచ్చుకున్నారట, నడవని బండిని.

కాగితాలు అడిగాను. ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. చేత్తో రాసిన పాత ఆర్సీ బుక్కు. నంబరు ఏపీ 35తో మొదలవుతుంది, అంటే విజయనగరం జిల్లా. అడ్రసు దగ్గర వాళ్ళ ఊరి పేరుంది. ఆ ఊరు ఇప్పుడు లేదు. విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్ళీ చేశారు. ఈ రెండింటి మధ్యా ఇళ్ళు లేచిపోయాయి. ఊరి పేరు ఇక్కడ రాస్తే వీళ్ళెవరో తెలిసిపోతుంది కాబట్టి రాయట్లేదు.

ఇంతకీ 1993లో సముద్రం ఒడ్డున ఒక పల్లెటూరి మనిషి ఆరెక్స్ 100 ఎందుకు కొన్నట్టు? ఇది తేలాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో మోటార్ సైకిలంటే 1980ల దాకా మూడే పేర్లు. మద్రాసు ఎన్‌ఫీల్డు వాళ్ళ బుల్లెట్టు, మైసూరు ఐడియల్ జావా వాళ్ళ జావా (తర్వాత అదే యెజ్డీ అయింది), ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్. మూడూ ఎరువు డిజైన్లే. బుల్లెట్టు ఇంగ్లండుది, జావా చెకొస్లొవేకియాది, రాజ్‌దూత్ పోలండుది. బుల్లెట్టు కథ మరీ తమాషా. ఇక్కడ 1955లో మొదలైంది. 1970కల్లా ఇంగ్లండులో అసలు కంపెనీయే మూతబడింది, మనవాళ్ళు మాత్రం అదే డిజైను చేస్తూనే ఉన్నారు. మన భాషలో చెప్పాలంటే, అసలు వెండరు చేతులెత్తేసిన వెర్షన్ని క్లయింటు దశాబ్దాల పాటు సొంతంగా మెయింటెయిన్ చేసుకోవడమన్నమాట.

ఎందుకలా? లైసెన్సు రాజ్యం కాబట్టి. ఎన్ని బళ్ళు చెయ్యాలో కంపెనీ కాదు, ఢిల్లీ చెబుతుంది. పోటీ లేదు, కాబట్టి మార్చాల్సిన అవసరమూ లేదు. స్కూటర్ల సంగతి ఇంకా ఘోరం. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండాలి. మన రాష్ట్రంలో హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళ పుష్పక్ స్కూటరు వచ్చింది గానీ జనం ఆశ బజాజ్ మీదే. కట్నాల జాబితాలో స్కూటరు చేరింది ఊరికే కాదు. డబ్బున్నా దొరకని వస్తువు అది.

1980ల మొదట్లో ప్రభుత్వం కాస్త తలుపు తెరిచింది. విదేశీ కంపెనీలతో కలిసి బళ్ళు చేసుకోవచ్చు, కానీ ఇంజను వంద సీసీ దాటకూడదు. ఈ ఒక్క అంకె మన రోడ్ల రూపాన్నే మార్చేసింది. జపాను కంపెనీలు నాలుగూ నాలుగు వంద సీసీ బళ్ళతో దిగాయి. 1984లో టీవీఎస్‌తో కలిసి సుజుకీ, 1985లో హీరోతో హోండా, అదే ఏడాది చివర్లో ఎస్కార్ట్స్‌తో యమహా, 1986లో బజాజ్‌తో కవాసాకీ. ఇవాళ్టికీ మనవాళ్ళు "హండ్రెడ్ సీసీ" అనే మాటని మామూలు బండికి మారుపేరుగా వాడతారు చూడండి, అది ఆనాటి గవర్నమెంటు గీసిన గీత.

నాలిగింటిలో హోండాది ఒక్కటే ఫోర్ స్ట్రోకు. మిగతావన్నీ టూ స్ట్రోకు. ఫోర్ స్ట్రోకులో పిస్టను రెండుసార్లు పైకీ కిందకీ తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది. టూ స్ట్రోకులో ప్రతి చుట్టుకీ మండుతుంది. వాల్వులూ క్యామ్ షాఫ్టూ ఉండవు కాబట్టి ఇంజను తేలిక. అందుకే అదే వంద సీసీలో హోండా సీడీ 100 ఏడు గుర్రాల దగ్గర ఆగితే, ఆరెక్స్ పదకొండు గుర్రాలు లాగింది. బండి బరువు చూస్తే నూరు కిలోల చిల్లర. క్లచ్చి వదిలితే ఎలా ఎగురుతుందో నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మరి దీనికి మూల్యం? పొగగొట్టం వైపు దారి తెరిచి ఉండగానే కొత్త పెట్రోలు లోపలికొస్తుంది కాబట్టి, అందులో కొంత మండకుండానే బయటికి పోతుంది. దానికితోడు ఇంజనాయిలు కూడా పెట్రోలుతో పాటే మండాలి. నీలం పొగా, ఆ వాసనా అందుకే. సినిమా హాలు బయట ఆ వాసన పీల్చి పెరిగినవాళ్ళం మనం, దాన్ని ఊపిరితిత్తులు లెక్కేసుకున్నాయి గానీ మనం వేసుకోలేదు.

సరే, మన బండి దగ్గరికొద్దాం. ట్రాలీ ఆటోలో ఎక్కించి తగరపువలసలో ఒక మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి. టూ స్ట్రోకు బళ్ళు ఇప్పుడెవరూ తీసుకురారు కాబట్టి పంచర్లు వేస్తూ, స్కూటీలు సర్వీసింగు చేస్తూ నెట్టుకొస్తున్నాడు. ఆరెక్స్‌ని చూడగానే బీడీ పారేసి లేచొచ్చాడు.

ముందు ఇంజను మీదా, ఛాసిస్ మీదా నంబర్లు తుడిచి ఆర్సీతో పోల్చాడు. రెండూ సరిపోయాయి. "ఇది సూసేక గానీ స్పానరట్టుకోకూడదు బాబూ" అన్నాడు. పాత బండి కొనే ప్రతి ఒక్కరూ రాసిపెట్టుకోవలసిన మాట.

తర్వాత ఇంజను విప్పాడు. ఆరెక్స్ సిలిండరు చాలా ముచ్చటైన లెక్క. అడ్డంగా 50 మిల్లీమీటర్లు, పిస్టను నడక 50 మిల్లీమీటర్లు. లెక్కేస్తే 98 సీసీ చిల్లర, వంద గీతకి సరిగ్గా లోపల. పిస్టను తిరిగీ తిరిగీ సిలిండరు అరిగిపోతే లేతులో కాస్త వెడల్పు చేసి, ఆ మేరకు లావు పిస్టను వేస్తారు. దాన్నే బోరు కొట్టించడమంటారు. పావు మిల్లీమీటరు, అర, ముప్పావు, ఒకటి, ఇవీ మెట్లు. పిస్టను నెత్తి మీద ఆ సైజు చెక్కి ఉంటుంది. మేస్త్రి మసి తుడిచి చూపించాడు: 75.

అంటే అప్పటికే మూడుసార్లు బోరు కొట్టారు. నాలాంటివాడికి అది చూస్తే కోడు కింద ఉండే మార్పుల జాబితా గుర్తొస్తుంది. ఎవరో, ఎప్పుడో, ఎంతో పరిగెత్తించి, అరగ్గొట్టి, మళ్ళీ బాగుచేసుకున్న గుర్తు.

"ఇది నాలుగోది. దీంతో అయిపోనాది. తరవాత స్లీవే" అన్నాడు మేస్త్రి. వేశాం. ఇప్పుడు నా బండి సిలిండరు 51 మిల్లీమీటర్లు. లెక్కేసి చూస్తే 102 సీసీ! ప్రభుత్వం గీసిన వంద గీతని కంపెనీ దాటలేదు గానీ, ముప్ఫయ్యేళ్ళ అరుగుదల దాటించేసింది. ఆర్సీలో మాత్రం ఇంకా 98యే :-)

ఇంకో విచిత్రం కనబడింది. ఛాసిస్ వెనక భాగం ముందు భాగం కంటే ఎన్నో రెట్లు తుప్పు పట్టింది. సముద్రపు గాలికైతే బండంతా ఒకేలా పట్టాలి. పైగా సీటు వెనక ఏదో ఇనప చట్రం వెల్డింగ్ చేసి, తర్వాత కోసేసిన గుర్తులున్నాయి. మేస్త్రి కాసేపు చూసి, "ఉప్పునీళ్ళు మోసీనాది ఇది" అన్నాడు.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడని అడిగాను. అప్పుడు తెలిసింది. ఆయన పని తల్లి రొయ్యల్ని మొయ్యడం.

1990ల మొదట్లో కోస్తా అంతా టైగర్ రొయ్య పిచ్చి పట్టింది. నెల్లూరు నుంచి పైదాకా వరిచేలు చెరువులయ్యాయి. చెరువుల్లో వెయ్యడానికి పిల్లలు కావాలి కదా, ఆ పిల్లల్ని పుట్టించే హేచరీలు విశాఖ, భోగాపురం తీరాల్లో వెలిశాయి. హేచరీలకి గుడ్లతో ఉన్న తల్లి రొయ్య కావాలి. టైగర్ రొయ్యలో అది సముద్రంలోనే దొరకాలి. ఏ వలలోనన్నా పడితే ప్రాణం పోకుండా హేచరీకి చేర్చాలి. ఒక్కో రొయ్య వేలల్లో పలికేదట. చస్తే మాత్రం కూరకే.

ఇప్పుడర్థమైందా ఆరెక్స్ ఎందుకో? ఒడ్డున పడవ ఆగాక ఇసుక దారుల్లో, గతుకుల్లో, అప్పటి ఇరుకు ఐదో నంబరు హైవే మీద (ఇప్పుడది పదహారు) వెనక తొట్టిలో ఉప్పునీళ్ళూ రొయ్యా కట్టుకుని పరిగెత్తాలి. రాజ్‌దూత్ బరువు, సీడీ హండ్రెడ్‌కి పికప్ లేదు. కుర్రాళ్ళు హీరోయిజానికి కొన్న బండిని ఈయన అంబులెన్సుగా కొన్నాడు. బండి డబ్బు ఒక్క ఏడాదిలో తిరిగొచ్చిందని ఆవిడ చెప్పింది.

తర్వాతి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి చెరువులు ఊడ్చుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరానికి 500 మీటర్ల లోపల రొయ్యల చెరువులు కూడదని తీర్పిచ్చింది. సరిగ్గా ఆ 1996లోనే పొగ నిబంధనలు బిగిశాయి, ఆరెక్స్ 100 తయారీ కూడా ఆగిపోయింది. దాని తమ్ముడు 135 సీసీతో ఇంకొన్నేళ్ళు లాగాడు. 2000 ఏప్రిల్ నుంచి ఇంకా గట్టి నిబంధనలొచ్చి, మోటార్ సైకిళ్ళలో టూ స్ట్రోకు కథ మెల్లమెల్లగా ముగింపుకొచ్చింది.

రొయ్యలు మళ్ళీ కోలుకున్నాయి, ఈయన పనీ సాగింది. కానీ 2009లో ప్రభుత్వం వనామీ రొయ్యని అనుమతించింది. దాని తల్లి రొయ్యల్ని రోగం లేనివని చూసి విదేశాల నుంచి విమానాల్లో తెస్తారు. దాంతో సముద్రంలో దొరికే టైగర్ తల్లి రొయ్యని అడిగేవాడు తగ్గిపోయాడు. ఆర్సీ చూస్తే 1993 నుంచి పదిహేనేళ్ళకి 2008లో ఒకసారి రెన్యువల్ చేయించాడు, 2013 దాకా. ఆ తర్వాత చేయించలేదు. ఎందుకు చేయిస్తాడు?

నాకిక్కడే ఒక విషయం తట్టింది. మేస్త్రి మాట ప్రకారం ఆ ఇంజను పాడై ఆగలేదు, ఆగాక పాడైంది. వెనక తొట్టిలో పెట్టుకోవడానికి ఏమీ లేక ఆగింది. మనం పాత బండి బాగుచేయించి "ప్రాణం పోశాను" అని గొప్పగా చెప్పుకుంటాం. మనం పోసేది పెట్రోలు. అది ఏ పని కోసం పరిగెత్తిందో ఆ పనిని ఏ మేస్త్రీ తేలేడు.

మరైతే బాగుచెయ్యడం దండగా? నేనలా అనుకోను. కానీ ఎలా బాగుచేస్తాం అన్నది ముఖ్యం. రీల్సు చూసి పొంగిపోయేవాళ్ళు ముందు చేసే పని రంగు. అసలు స్టిక్కర్లకి నకళ్ళు, క్రోము పూత, "ఫ్యాక్టరీ కండిషన్". అంటే ఫ్యాక్టరీ గేటు దాటాక జరిగినదంతా చెరిపేయడమే. నేను మాత్రం ప్రాణాపాయం ఉన్నచోట మొహమాటం లేకుండా మార్చాను. బ్రేకు షూలు, టైర్లు, రిమ్ములు, స్పోకులు, చెయిను, వైరింగు, క్రాంకు ఆయిల్ సీళ్ళు, సైలెన్సరు. ఛాసిస్ తుప్పు గీకి, పల్చబడ్డ చోట అతుకేసి, రెడాక్సైడ్ కొట్టించాం. ట్యాంకులో డీజిలూ కంకర చిప్సూ వేసి గంటసేపు ఊపితే లోపలి తుప్పు రాలింది. సొట్టని మాత్రం అలాగే ఉంచాను. సీటు వెనక కోసేసిన చట్రం మొదళ్ళు కూడా.

ఇక కాగితాలు. అసలు శ్రమ ఇక్కడే. మేస్త్రి మూడు వారాల్లో తేల్చాడు గానీ కాగితాలకి నాలుగు నెలలు పట్టింది. యజమాని చనిపోతే బండి ముందు వారసుల పేరు మీదికి మారాలి, దానికి ఫారం 31. ఆ తర్వాత అమ్మకానికి ఫారం 29, 30. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, దానికి ఫారం 25, బండిని తీసుకెళ్ళి చూపించడం, పైన గ్రీన్ టాక్స్. రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 300. 2022 ఏప్రిల్ నుంచి వెయ్యి అయింది, 2025లో ఇరవయ్యేళ్ళు దాటిన మోటార్ సైకిళ్ళకి రెండు వేలు చేశారు. ఆలస్యానికి జరిమానా వేరే. "ఆర్సీ తర్వాత చూసుకుందాం అన్నా" అని తక్కువ ధరకి అంటగట్టేవాళ్ళుంటారు, నమ్మకండి. నంబరు మాసిపోయిన ఛాసిస్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ముందు కాగితాలు, తర్వాత ఇంజను, రంగు ఆఖర్న.

ఇదంతా జరుగుతుండగా సంతకాలకి వెళ్ళినప్పుడు ఆవిడ అడిగింది.

"బండి తీసికెళ్ళు బాబూ. ఆ పుస్తకం మాత్రం నాకిచ్చీ."

"అది ఆఫీసులో ఇచ్చెయ్యాలమ్మా, కొత్త కార్డు వస్తుంది" అన్నాను.

"అందులో మా ఊరి పేరున్నాది" అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ ఇంట్లో ఆధారులో కొత్త కాలనీ అడ్రసే, రేషను కార్డులో అదే, గ్యాసు బుక్కులోనూ అదే. ఆయన పేరూ ఊరి పేరూ పక్కపక్కన ఉన్న సర్కారు కాగితం ఆ ఇంట్లో ఆ బుక్కు ఒక్కటే. దాన్నిస్తేనే బండి నాదవుతుంది. ఇవ్వకపోతే నేను లక్ష పెట్టి కొన్నది రోడ్డెక్కకూడని ఇనుము.

ఇచ్చేశాను. అంతకు ముందు ప్రతి పేజీ స్కాన్ చేయించి, రంగుల్లో ప్రింటు తీయించి, బుక్కులా కుట్టించి ఆవిడకిచ్చాను. తీసుకుంది. వేలితో అక్షరాలు తడిమి చూసింది. అచ్చు కాగితం నున్నగా ఉంటుంది, సిరా పెన్ను నొక్కిన గీత తగలదు. ఏమీ అనలేదు. ట్రంకు పెట్టెలో పెట్టుకుంది.

కొత్త కార్డు వచ్చింది. అందులో నా పేరు, విజయనగరంలో మా నాన్న ఇంటి అడ్రసు. ఆ నంబరు ఇదివరకు ఏ ఊరిదో చెప్పే ముక్క ఆ కార్డులో ఒక్కటీ లేదు.

మొన్న దసరాకి ఆ బండి మీద భోగాపురం వైపు వెళ్ళాను. హైవే మీద నున్నగా పోతుంది, కానీ ఎనభైలో పోయే కార్ల పక్కన దానికీ నాకూ కాస్త భయమే. ఆవిడ ఇంటి ముందు ఆపకముందే చప్పుడు విని బయటికొచ్చింది. "అదే సప్పుడు" అంది. ఒకసారి వెనక సీటు మీద చెయ్యి వేసి, ఆ కోసేసిన ఇనప మొదళ్ళు తడిమింది. వాటిని గీకించేసి ఉంటే ఏమయ్యేదో అనిపించింది నాకు.

మీ ఇంట్లో కూడా ఏ చేతకో, ఏ యెజ్డీయో, ఏ లూనాయో మూలన పడి ఉంటే, అమ్మినా బాగుచేయించినా ఒక్క పని మాత్రం చెయ్యండి. దాని పాత కాగితాలు ముందు స్కాన్ చేసి పెట్టుకోండి. అది నడిపినాయన బతికుంటే, దాని మీద ఏం మోసేవాడో అడిగి రాసిపెట్టుకోండి. మైలేజీ ఎంతిచ్చేదో ఎవరైనా చెబుతారు, అది మాత్రం ఆయనే చెప్పాలి.